మిర్చి యార్డు కారు, ఆటోనగర్ సీటు మేస్త్రి: నా డ్రైవర్ సీటు రిపేరు

ముందు లెక్క చెప్పేస్తాను, ఆ తర్వాత కథ. డ్రైవర్ సీటు ఒక్కదానికి, స్పాంజి మార్చి, పగుళ్లు పూడ్చి, రంగు వేసినందుకు 7,500 రూపాయలు తీసుకున్నారు. రెండు రోజుల్లో ఇస్తామన్నారు, నాలుగు రోజులు పట్టింది. పని జరిగి ఎనిమిది నెలలైంది. రంగు ఎక్కడా లేవలేదు, సీటు అంచు మళ్లీ కుంగలేదు. విజయవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద నడిచే చిన్న షాపు అది. ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు, రెండు కుట్టు మిషన్లు, అంతే. మళ్లీ పని పడితే అక్కడికే వెళ్తాను.

మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. 2020 డిసెంబరులో కొన్నాం ఈ సెడాన్. లేత గోధుమ రంగు లెదర్ సీట్లు. ఆ రంగు వద్దని మా ఆవిడ చెప్పింది, నాన్నకి మాత్రం చాలా నచ్చింది. మా ఇంట్లో మొదటి పెద్ద కారు కాబట్టి ఆయన మాటే నెగ్గింది. తీసుకొచ్చిన రోజు నాన్న డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని, అరచేత్తో సీటు నిమురుతూ బాపట్ల దాకా వచ్చారు. అందుకే ఆ సీట్లు పాడవుతుంటే నాకు మనసులో చాలా కష్టంగా ఉండేది.

పాడైంది ఎక్కడంటే, డోర్ వైపు డ్రైవర్ సీటుకి ఉబ్బెత్తుగా ఒక అంచు ఉంటుంది చూడండి, తొడ జారిపోకుండా పట్టుకునేది, అక్కడ. మూడో ఏడాదిలో సన్నటి ముడతలు వచ్చాయి. నాలుగో ఏడాదికి ఆ ముడతల వెంబడి రంగు పొట్టులా లేచింది. గోధుమ రంగు కింద బూడిద రంగు గీతలు కనపడసాగాయి. పోయిన ఏడాది వేసవి వచ్చేసరికి నాలుగు వేళ్ల వెడల్పున మొత్తం నెర్రెలిచ్చిన చెరువులా తయారైంది. పక్క సీటేమో కొత్తదానిలాగే ఉంది. అప్పటికి కారు తిరిగింది 78,000 కిలోమీటర్లు.

మొదట కారు కొన్నచోటే అడిగాను. అరుగుదల వారంటీలోకి రాదన్నారు, కొత్త కవరు తెప్పించి వేయాలంటే 40 వేలు దాటుతుందన్నారు. సరే అని ఊళ్లో కార్లు పాలిష్ చేసే ఒకచోటికి వెళ్లాను. వాళ్లు లెదర్ ట్రీట్‌మెంట్ పేరుతో 2,200 తీసుకుని, నిగనిగలాడే ఏదో ద్రవం పూసి ఇచ్చారు. రెండు రోజులు బాగా మెరిసింది. మూడో రోజుకి చెయ్యి పెడితే జిడ్డు, కూర్చుంటే ప్యాంటు జారడం. యార్డులో దుమ్మంతా ఆ జిడ్డుకి అతుక్కుని నెల తిరిగేలోపు సీటు ఇంకా నల్లబడింది. పగుళ్లు పెరిగాయే గానీ తగ్గలేదు.

మూడో సలహా సీటు కవర్ల షాపు వాళ్లది. కారు మొత్తానికి 9,000, రెండు గంటల్లో తొడిగేస్తామన్నారు. నాకు వచ్చిన సందేహం ఒకటే. మా సీట్లకి పక్కన ఎయిర్‌బ్యాగులున్నాయి, సీటు వీపు పక్కన చిన్న ట్యాగు మీద రాసి ఉంటుంది. ప్రమాదం జరిగితే ఆ బ్యాగు సీటు కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. పైన మందపాటి రెక్సిన్ కవరు బిగిస్తే ఎలా వస్తుందని అడిగితే, "ఏం కాదు సార్, అందరూ వేయించుకుంటున్నారు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. నేను వేయించుకోలేదు. సీటు చిరిగితే డబ్బుతో పోతుంది, ఇది అలాంటిది కాదు. ఎయిర్‌బ్యాగు ఉన్న సీట్లకి ఆ వైపు విడిపోయేలా కుట్టిన కవర్లు వేరే ఉంటాయి. కవరు కొనేవాళ్లు అది అడిగి, చూసి కొనండి.

ఇంటి సలహాలు సరేసరి. కొబ్బరి నూనె రాయమని ఒకరు, ఆముదం రాయమని ఇంకొకరు. ఆముదం మాట నాకు సబబుగానే తోచింది. మా తాతయ్య కిర్రు చెప్పులకి ఆముదం పట్టించడం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. రాత్రి రాసి గోడవారగా పెడితే తెల్లారేసరికి తోలు మొత్తం తాగేసేది. చెప్పులు మెత్తబడి, నడుస్తుంటే కిర్రుమనేవి. ఆ లెక్కన సీటు కూడా ఎండిపోయి పగిలింది, నూనె పడితే సర్దుకుంటుంది అనుకున్నాను. రాయకముందే ఆటోనగర్ వెళ్లడం నా అదృష్టం.

మే నెలలో యార్డుకి సెలవులిస్తారు. అప్పుడే తీరిక. లారీ సీట్లు కుట్టించే మా ట్రాన్స్‌పోర్టు ఆయన ఈ మేస్త్రి పేరు చెప్పాడు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి వారధి దాటి వెళ్లాను. షాపు ముందు ఒక బస్సు సీట్ల గుట్ట, లోపల రెక్సిన్ చుట్టలు, గమ్ వాసన. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కారు తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పగుళ్ల మీద బొటనవేలితో నొక్కి చూశారు. తర్వాత నన్ను దిగి మళ్లీ ఎక్కమన్నారు. ఎక్కాను. "ఇంకోసారి ఎక్కండి" అన్నారు. మళ్లీ ఎక్కాను.

"చూశారా, మీరు ముందు ఆ అంచు మీద పూర్తి బరువు పెట్టి, అక్కణ్నుంచి లోపలికి జారుతున్నారు. రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారు?"

లెక్కేసి చూశాను. కొట్టు నుంచి కోల్డ్ స్టోరేజీలకి, అక్కణ్నుంచి బ్యాంకుకి, మళ్లీ యార్డుకి. సీజన్‌లో పాతికసార్లకి తక్కువ ఉండదు. ఆ మాటే చెప్పాను.

అప్పుడాయన ఒక తెల్లటి గుడ్డ తీసుకున్నారు. గిన్నెలో సబ్బు నురగలాంటి క్లీనర్ కలిపి, మెత్తటి బ్రష్షుతో అంచు మీద చిన్న చిన్న చుట్లుగా రుద్ది గుడ్డతో తుడిచారు. గుడ్డ ఇటుక రంగుకి తిరిగింది. మిరప! నాలుగున్నరేళ్లుగా తేజ, 334, 341, యార్డుకి వచ్చే అన్ని మిరప రకాల దుమ్మూ ఆ సీటులో ఉంది. మిరపలో ఎర్ర రంగు నూనెలో కలుస్తుంది కానీ నీళ్లకి లొంగదు. నేను వారం వారం తడిగుడ్డతో తుడుస్తున్నాను కాబట్టి శుభ్రంగానే ఉందనుకున్నాను. కాయ పొడి, గింజ నలుసు, యార్డు ఇసుక, నా చెమట, ఆ పాలిష్ జిడ్డు కలిసి గరుకు కాగితంలా పనిచేశాయి. రోజుకి పాతికసార్లు నేనే నా సీటుని గీరుకున్నట్టయింది.

ఆముదం సంగతి అడిగితే ఆయన నవ్వలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్లి రెండు తోలు ముక్కలు తెచ్చారు. ఒకటి చెప్పుల తోలు, పైన ఏ పూతా లేనిది. ఇంకొకటి కారు సీటుది. రెండింటి మీదా చెరో నీటిబొట్టు వేశారు. చెప్పుల తోలు మీద బొట్టు చూస్తుండగానే ఇంకిపోయి నల్లటి మచ్చయింది. సీటు తోలు మీద బొట్టు తామరాకు మీద ఉన్నట్టే నిలబడింది. "దీనిమీద రంగు పొర, ఆపైన గట్టి కోటింగు ఉంటాయండి. నూనె లోపలికి పోదు. పైనే ఉండి దుమ్ము పట్టుకుంటుంది, పగుళ్ల సందుల్లో దిగి రంగుని వదులు చేస్తుంది. మీ సీట్లో తోలు ఎండలేదు. పై పొర పగిలింది" అన్నారు. ఇన్నాళ్లూ నేను చేసిన వైద్యమంతా లేని జబ్బుకి అని అప్పుడర్థమైంది. తాతయ్య ఆముదం తాతయ్య చెప్పులకి సరైనదే. ఈ తోలు వేరు.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. లెదర్ సీట్లని మనం అంటాం గానీ, చాలా కార్లలో మనిషి ఆనుకునే భాగం వరకే తోలు, పక్కలు, వెనకవైపు రెక్సిన్. మా కారూ అంతే. కవరు కాస్త తిప్పి వెనకవైపు చూపించారు. తోలుకి వెనక నూగు ఉంటుంది, రెక్సిన్‌కి గుడ్డ నేత ఉంటుంది. మీ సీటు పొరలు పొరలుగా ప్లాస్టిక్ కాగితంలా ఊడి, కింద గుడ్డ కనిపిస్తోందంటే అది తోలు కాదు. దానికి రంగు వేయించి లాభం లేదట, ఆ ముక్క మార్చాల్సిందేనట. ఆ మాట ఆయనే చెప్పారు. ఇలాంటి బళ్లు వస్తే రంగు పని ఒప్పుకోనని కూడా అన్నారు.

సీటు విప్పే ముందు పక్క షాపు ఎలక్ట్రీషియన్ని పిలిచి బ్యాటరీ వైరు తీయించారు. పది నిమిషాలు ఆగాకే సీటు కింద పసుపు రంగు సాకెట్ పీకారు. పసుపు రంగంటే ఎయిర్‌బ్యాగు లైను. తొందరపడి పీకేసే చోట్లు ఉంటాయి, అలాంటిచోట తర్వాత మీటర్లో ఎర్ర లైటు వెలిగి టెన్షన్ పడాలి. మాకు ఆ సమస్య రాలేదు.

నేను అసలు ఊహించనిది సీటు విప్పాక బయటపడింది. కవరుని బిగించి ఉంచే రింగులు కత్తిరించి, దాన్ని వెనక్కి లాగితే, ఆ అంచు కింద స్పాంజి సగానికి సగం నలిగిపోయి ఉంది. చేత్తో తడిమితే పసుపు పచ్చటి పొడి రాలింది. లోపలి ఇనప తీగ దాదాపు తోలుకి తగులుతోంది. తోలుకి కింద ఆధారం లేక, కూర్చున్న ప్రతిసారీ ఒకే గీత దగ్గర మడత పడి, ఆ మడతలోనే పగిలింది. ఇది సరిచేయకుండా పైన ఎంత మంచి రంగు వేసినా ఆరు నెలల్లో మళ్లీ అదే గతి. నేను వెళ్లిన మిగతా మూడు చోట్లా ఒక్కరు కూడా అంచుని నొక్కి చూడలేదు. ఈ షాపుకి నేను ఇచ్చే మార్కుల్లో సగం దీనికే.

నలిగిన భాగం బ్లేడుతో కోసి తీసేశారు. గట్టి స్పాంజి దిమ్మ ఒకటి గమ్‌తో అతికించి, పాత ఆకారం వచ్చేదాకా కొంచెం కొంచెంగా చెక్కారు. చెక్కడం చూడటానికే అరగంట నిలబడ్డాను. కళ్లు మూసుకుని అరచేత్తో అటు సీటు, ఇటు సీటు తడుముతూ, తేడా తగిలిన చోట ఒక్క పొర గీస్తారు. తీగ మీద దళసరి గుడ్డ చుట్టి, స్పాంజి మీద పల్చటి ఫెల్టు వేసి కవరు మళ్లీ బిగించారు.

తర్వాత పగుళ్లు. క్లీనర్‌తో మరో రెండుసార్లు, ఆపైన స్పిరిట్ గుడ్డతో జిడ్డు పూర్తిగా తీశారు. సన్న నీటి కాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, లేచిన పొట్టు సాపు చేశారు. పగుళ్లలోకి పేస్టులాంటి ఫిల్లర్ని చిన్న రేకుతో నింపి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, మళ్లీ సాపు. ఇలా నాలుగు విడతలు. గట్టిపడే ఫిల్లర్ వాడితే సీటు వంగినప్పుడు పెచ్చులా లేస్తుందట, ఇది ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది. చిన్న ముక్క మీద పూసి ఆరబెట్టి, మడిచి నాకు చూపించారు.

రంగు దగ్గరే కాస్త పేచీ. తెలుపు, పసుపు, గోధుమ, చుక్క నలుపు కలిపి, తల ఆనించే దిండు అడుగున పూసి చూశారు. లేత గోధుమ రంగు కుదరడం కష్టమని ముందే చెప్పారు. మూడోసారికి కుదిరిందన్నారు. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద నాకూ సరిపోయినట్టే కనిపించింది. స్ప్రే గన్‌తో పల్చగా నాలుగు కోట్లు, పైన మెరుపు లేని కోటింగు రెండు సార్లు వేశారు. బండి ఇంటికి తెచ్చాక మధ్యాహ్నం ఎండలో చూస్తే, కొత్తగా వేసిన భాగం పక్కదానికంటే ఒక పిసరు పసుపు. వెతికితేనే కనిపిస్తుంది. కానీ కనిపిస్తుంది. ఫోన్ చేసి చెబితే, "తీసుకురండి, మళ్లీ వేస్తాను, డబ్బులొద్దు" అన్నారు. 35 కిలోమీటర్లు మళ్లీ వెళ్లి, ఇంకో రెండు రోజులు కారు లేకుండా ఉండటం కుదరక నేనే వదిలేశాను. మీరు వెళ్తే మాత్రం కోటింగు వేయకముందే సీటు ఎండలోకి తీయించి రంగు చూసుకోండి. ట్యూబ్‌లైటుని నమ్మొద్దు.

మిగతా లోపాలు కూడా చెప్పాలి. రశీదు చీటీ మీద రాసిచ్చారు, వారంటీ కాగితం లేదు. ఆలస్యం అవుతుందని వాళ్లు ఫోన్ చేయలేదు, నేను చేస్తేనే చెప్పారు. మూడో రోజు బస్సెక్కి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. కూర్చోడానికి చోటు లేదు, మే నెల బెజవాడ ఎండలో ఆ రేకుల కింద నిలబడటం మామూలు విషయం కాదు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు వెంట వెళ్తే బండి ఇచ్చేసి వచ్చేయడం మంచిది.

మొత్తం తోలు మార్చి కొత్తగా కుట్టడానికి డ్రైవర్ సీటుకి 18,000 చెప్పారు. తోలు తమిళనాడు వైపు నుంచి, రాణిపేట, ఆంబూరు దగ్గర నుంచి తెప్పిస్తారు. అడుగుల లెక్కన కొలిచి ఇస్తారు. "మీకు అవసరం లేదండీ, ఇంకో నాలుగేళ్ల తర్వాత చూద్దాం" అన్నది ఆయనే. పెద్ద పని వచ్చే అవకాశం వదులుకుని చిన్న పని చేసిచ్చిన మనిషి ఆయన. పేరు రాయడానికి ఆయన ఒప్పుకోలేదు గాని, ఆటోనగర్‌లో బస్సు సీట్లు కుట్టే వరసలో పాత మేస్త్రి ఎవరని అడిగితే చూపిస్తారు.

ఈ ఎనిమిది నెలలు నేను ఏం చేశానో చెప్తాను. మొదటి వారం నీళ్లు తగలనివ్వలేదు. ఎక్కడం మార్చుకున్నాను. ముందు సీటు మధ్యలో కూర్చుంటాను, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుతాను. వారం రోజులు పరాయిగా అనిపించింది, ఇప్పుడు అలవాటే. దిగేటప్పుడు అంచు మీద చెయ్యి ఆనించడం మానేశాను. తాళాల గుత్తి బెల్టుకి వేలాడేది, జేబులోకి మార్చాను. యార్డు నుంచి వచ్చాక ఎక్కే ముందు ప్యాంటు దులుపుకుంటాను. సీటు మీద పల్చటి నూలు తువ్వాలు పరుస్తున్నాను, వారానికోసారి ఉతుకుతాం. పక్క సీట్లో శాంపిల్ సంచులు పెట్టడం పూర్తిగా బంద్, డిక్కీలోనే.

శుభ్రం చేయడమంటే వారానికోసారి మెత్తటి బ్రష్షు ఉన్న వాక్యూమ్‌తో కుట్ల సందుల్లో దుమ్ము లాగడం, నెలకోసారి లెదర్ క్లీనర్ నురగ, తడి గుడ్డ, పొడి గుడ్డ. మేస్త్రి నాకు పదే పదే చెప్పింది క్లీనర్ సీటు మీద నేరుగా పోయొద్దని, బ్రష్షు మీద పోసుకోవాలని. పిల్లల వెట్ వైప్స్, చేతుల శానిటైజర్, గిన్నెల సబ్బు, ఈ మూడూ సీటుకి దూరం. శానిటైజర్లో స్పిరిట్ ఉంటుంది. చేతికి రాసుకుని ఆరకముందే సీటు పట్టుకుంటే పై కోటింగు కొంచెం కొంచెంగా పోతుంది. కరోనా రోజుల్లో మేమంతా అదే చేశాం. ఆ అరుగుదల స్టీరింగు మీద ఇప్పటికీ కనిపిస్తుంది. లెదర్ కండిషనర్ రాయాలనుకుంటే ఏడాదికి రెండుసార్లు, మెరుపు లేనిది, అదీ పల్చగా. కండిషనర్ మీద పెట్టే డబ్బు క్లీనర్ మీద పెట్టుకోమన్నారు.

ఎండ సంగతి మన దగ్గర అందరికీ తెలిసిందే. యార్డులో నీడ దొరకదు. ముందు అద్దానికి వెండి రంగు అట్ట పెడుతున్నాను. తలుపు తీయగానే సీటు అంటుకోలేనంత కాలిపోయి ఉంటే రెండు నిమిషాలు అద్దాలు దించి ఆగి కూర్చుంటాను. వేడెక్కిన కోటింగు మెత్తబడి ఉంటుంది, అప్పుడు రాపిడి పడితే తొందరగా అరుగుతుంది.

ఇప్పుడు సీటు ఎలా ఉందంటే, పాత పగులు ఉన్నచోట సన్నటి ముడత ఒకటి వచ్చింది, వెంట్రుక మందం. గోటితో గీరి చూశాను, రంగు లేవలేదు. స్పాంజి గట్టిగానే ఉంది. మొన్న సంక్రాంతికి మా బావగారు కూర్చుని, పక్క సీటుకంటే కొంచెం బిర్రుగా ఉందన్నారు. నాకు నడుముకి అదే హాయిగా ఉంది. నాన్న ఎప్పటిలాగే పక్క సీట్లో కూర్చుని, ఒంగి ఆ అంచు తడిమి చూసి, "మనిషి పనిమంతుడు రా" అన్నారు.

అసలు సీజన్ ఇప్పుడు మొదలవుతోంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరిగాక ఈ రంగు ఎలా నిలబడిందో మే నెలలో ఇక్కడే రాస్తాను. వెనక సీట్ల శుభ్రం పని కూడా అప్పుడే ఆయనకి ఇస్తాను.